కర్బన గడియారం నిలిచిన శతాబ్దాలు: బుద్ధుని కాలనిర్ణయంలో భౌతిక శాస్త్రం

గౌతమ బుద్ధుని మహాపరినిర్వాణం ఏ సంవత్సరంలో సంభవించిందన్న ప్రశ్నకు బౌద్ధ సంప్రదాయంలోనే ఒకటికి మించిన సమాధానాలున్నాయి. సింహళ, బర్మా, థాయ్ దేశాల థేరవాద సంఘాలు పాటించే బుద్ధ శకం ప్రకారం అది క్రీ.పూ. 544–543. భారతదేశం 1956లో జరుపుకొన్న 2,500వ బుద్ధ జయంతి ఈ లెక్కనే అనుసరించింది. అశోకుని పట్టాభిషేకం పరినిర్వాణానికి 218 ఏళ్ళ తరువాత జరిగిందని దీపవంశ, మహావంశాలు చెబుతున్నాయి. ఆ పట్టాభిషేకాన్ని క్రీ.పూ. 268 ప్రాంతంలో నిలిపితే పరినిర్వాణం 486 ప్రాంతానికి వస్తుంది. వినయ గ్రంథంపై ఏటా ఒక చుక్క చొప్పున పెడుతూ వచ్చారని చెప్పే కాంటన్ నగరపు చుక్కల లెక్క కూడా 486కే చేరుతుంది. సంస్కృత, చైనా భాషల్లో నిలిచిన ఉత్తరాది సంప్రదాయం మాత్రం బుద్ధునికీ అశోకునికీ నడుమ నూరేళ్ళే ఉన్నాయంటుంది. అప్పుడు పరినిర్వాణం క్రీ.పూ. 368 ప్రాంతానికి దిగుతుంది. హైంజ్ బెకర్ట్ 1988లో జర్మనీలోని గోటింగెన్‌లో ఏర్పాటు చేసిన సదస్సు తరువాత, పరినిర్వాణాన్ని క్రీ.పూ. 400కు అటూ ఇటూ ఉంచే అభిప్రాయం పరిశోధకులలో బలపడింది.

ఈ లెక్కలలో ఆధునిక పరిశోధకులు ఆమోదించే వాటన్నిటికీ అశోకుడే ఆధారస్తంభం. అశోకుని కాలానికి ఆధారం ఆయన 13వ శిలాశాసనంలో పేర్కొన్న ఐదుగురు యవన రాజుల పేర్లు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఉన్న పద్నాలుగు ప్రధాన శాసనాలలో ఆ శాసనం కూడా ఉంది. కాబట్టి బుద్ధుని కాలాన్ని నిలిపే ఆధారాలలో ఒకటి తెలుగు నేలపైనే ఉన్నది. అయితే ఎర్రగుడి అశోకుని వరకే తీసుకుపోగలదు. అక్కడి నుంచి వెనుకకు నూరేళ్ళు నడవాలా, 218 ఏళ్ళు నడవాలా అన్నది గ్రంథాలు తేల్చలేకపోయిన విషయం. గ్రంథాలు ఆగిన చోట భౌతిక శాస్త్రం ముందుకు సాగుతుందన్న ఆశ గత శతాబ్ది మధ్యకాలం నుంచి ఉంది. ఆ ఆశ ఎంతవరకు నెరవేరింది, ఎక్కడ ఆగింది, ఇటీవలి పరిశోధనలు ఏ దారి తెరిచాయి అన్నది పురావస్తు పరిశోధకులకూ భిక్షు సంఘానికీ సమానంగా సంబంధించిన విషయం.

విశ్వకిరణాల నుంచి బొగ్గుముక్క వరకు

రోదసి నుంచి వచ్చే విశ్వకిరణాలు వాయుమండలాన్ని తాకినప్పుడు న్యూట్రాన్లు వెలువడతాయి. అవి నత్రజని పరమాణువులను ఢీకొన్నప్పుడు కార్బన్-14 అనే రేడియోధార్మిక కర్బనం ఏర్పడుతుంది. చెట్లు దానిని గాలి నుంచి, జంతువులు ఆహారం నుంచి గ్రహిస్తాయి. ప్రాణి మరణించగానే ఈ గ్రహణం ఆగిపోతుంది. అప్పటికే దేహంలో ఉన్న కార్బన్-14, 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరుగుతూ పోతుంది. మిగిలిన పాలును కొలిస్తే మరణకాలం తెలుస్తుంది. అమెరికా శాస్త్రవేత్త విల్లార్డ్ లిబ్బీ 1949లో ఈ పద్ధతిని లోకానికి చూపాడు. 1960లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

భారతదేశంలో ఈ విద్య పురావస్తు శాఖలో కాక విశ్వకిరణాల పరిశోధనలో పుట్టింది. విశ్వకిరణ శాస్త్రజ్ఞుడైన హోమీ భాభా స్థాపించిన టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960వ దశకం ఆరంభంలో కర్బన ప్రయోగశాల పనిచేయసాగింది. దేవేంద్ర లాల్, షీలా కుసుమ్‌గర్, డి.పి. అగ్రవాల్ వంటివారు భారతీయ తవ్వకాల నమూనాలకు తేదీలు కట్టారు. 'టీఎఫ్' అన్న అక్షరాలతో మొదలయ్యే నమూనా సంఖ్యలు నాటి తవ్వకాల నివేదికలలో నేటికీ కనిపిస్తాయి. తరువాత ఆ కృషి అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాలకు మారింది.

తొలి పద్ధతిలో పరమాణువులు క్షీణించేటప్పుడు వెలువడే కణాలను లెక్కించేవారు. అందుకు గ్రాముల కొద్దీ కర్బనం కావాలి. 1977లో రూపొందిన త్వరణయంత్ర ద్రవ్యరాశి వర్ణపటమితి ఈ పరిస్థితిని మార్చింది. ఈ పద్ధతిలో క్షీణత కోసం వేచి ఉండరు. పరమాణువులనే వేరుచేసి లెక్కిస్తారు. ఒక మిల్లీగ్రాము కర్బనం, అంటే ఒక ధాన్యపు గింజ, సరిపోతుంది. ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ త్వరణయంత్ర కేంద్రంలోనూ, అహ్మదాబాద్ ప్రయోగశాలలోనూ నేడు ఇటువంటి యంత్రాలున్నాయి.

బౌద్ధ వారసత్వానికి ఈ మార్పు చేసిన మేలుకు గాంధార భూర్జపత్ర గ్రంథాలు మంచి నిదర్శనం. గ్రాముల కొద్దీ పత్రాన్ని కాల్చమంటే ఏ గ్రంథరక్షకుడూ ఒప్పుకోడు. గోరంత తునక ఇవ్వడానికి ఒప్పుకోవచ్చు. సీనియర్ సేకరణ అని పిలిచే గ్రంథాలు ఒక మట్టికుండలో లభించాయి. కుండపై 12వ సంవత్సరమన్న లేఖనం ఉంది. అది కనిష్క శకమైతే, ఆ శకం క్రీ.శ. 127లో ఆరంభమైందని యవనజాతకం ఆధారంగా హ్యారీ ఫాక్ 2001లో ప్రతిపాదించిన లెక్క ప్రకారం, సుమారు 139 అవుతుంది. భూర్జపత్రానికి కర్బన పరీక్ష ఇచ్చిన అవధి క్రీ.శ. 130–250. లేఖనం, జ్యోతిష గ్రంథం, పరమాణువు అనే మూడు వేర్వేరు సాక్ష్యాలు ఒకే చోట కలిశాయి. భౌతిక శాస్త్రం బౌద్ధ చరిత్రకు ఇవ్వగలిగిన ఉత్తమ సాయం ఇటువంటిది.

మైలురాళ్ళు మౌనం వహించిన దారి

ఈ పద్ధతికి పునాదిగా లిబ్బీ ఒక ఊహను స్వీకరించాడు. గాలిలో కార్బన్-14 పాలు ఎల్లకాలం ఒకే తీరున ఉంటుందన్నది ఆ ఊహ. డచ్ శాస్త్రవేత్త హెస్సెల్ డ వ్రీస్ 1958లోనే అది నిజం కాదని చూపాడు. సూర్యుని చైతన్యం తగ్గితే విశ్వకిరణాలు ఎక్కువగా చొరబడతాయి, కార్బన్-14 పెరుగుతుంది. అది పెరిగితే దీని ఉత్పత్తి తగ్గుతుంది. కనుక ప్రయోగశాల ఇచ్చే కర్బన వయస్సు పంచాంగపు సంవత్సరం కాదు. వయస్సు తెలిసిన వృక్షవలయాలలోని కార్బన్-14ను కొలిచి కట్టిన సవరణ రేఖతో పోల్చితేనే అది సంవత్సరాలలోకి మారుతుంది. ప్రపంచ ప్రయోగశాలలు ఉమ్మడిగా ఆమోదించే ఈ రేఖను 1986 నుంచి పలుమార్లు సవరించారు. 2020లో వెలువడిన ఇంట్‌కాల్-20 ఉత్తరార్ధగోళానికి నేటి ప్రమాణం.

బుద్ధుని కాలం విషయంలో చిక్కంతా ఈ రేఖలోనే ఉంది. క్రీ.పూ. 8వ శతాబ్ది ప్రాంతంలో సూర్యుడు మందగించి గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది. ఆపైన కొన్ని శతాబ్దాలపాటు అది నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గుదల వేగం కార్బన్-14 సహజ క్షీణత వేగానికి ఇంచుమించు సమానమైంది. క్రీ.పూ. 740లో నరికిన చెట్టు ఎక్కువ నిల్వతో బయలుదేరి ఎక్కువ కోల్పోయింది. 420లో నరికిన చెట్టు తక్కువ నిల్వతో బయలుదేరి తక్కువ కోల్పోయింది. నేడు రెండింటిలోనూ మిగిలినది దాదాపు ఒకటే. ఈ రెండింటి నడుమ ఉన్న ఏ నమూనా అయినా ప్రయోగశాలలో 2,450 ఏళ్ళకు దరిదాపుగానే పలుకుతుంది. ప్రతి మైలురాయిపైనా ఒకే అంకె చెక్కిన దారిలో బాటసారి పరిస్థితి వంటిదే ఇది. ఆస్ట్రియాలోని ఇనుపయుగ సంస్కృతి పేరిట శాస్త్రజ్ఞులు దీనిని హాల్‌స్టాట్ పీఠభూమి అంటారు. రేఖ అక్కడ పీఠభూమిలా చదునుగా సాగుతుంది.

క్రీ.పూ. 543, 486 అనే రెండు తేదీలూ ఈ పీఠభూమి మీదనే ఉన్నాయి. 400కు చేరువలో దాని అంచు వస్తుంది. అక్కడ రేఖ నిటారుగా దిగుతుంది. 350–200 నడుమ అది మళ్ళీ ఎగుడుదిగుడు పడుతుంది. అంటే షోడశ మహాజనపదాలు, తొలి నగరాలు, ఉత్తర భారత నల్ల నునుపు మృణ్మయాల వ్యాప్తి, బుద్ధుడు, మహావీరుడు – భారత చరిత్రలో అత్యంత కీలకమైన ఈ ఘట్టమంతా కర్బన గడియారం ఇంచుమించు నిలిచిపోయిన కాలంలో నడిచింది. ఒక్క బొగ్గుముక్క ఈ వివాదాన్ని తీర్చలేదు. తీర్చిందని ఎవరైనా అంటే, వారు అవధిని వదిలి మధ్యలోని ఒక అంకెను మాత్రమే పట్టుకున్నారని అర్థం.

దక్షిణాదిలోనూ ఈ జాగ్రత్త అవసరమే. తమిళనాడులోని పొరుందల్ సమాధిలో బ్రాహ్మీ అక్షరాలతో పాటు లభించిన వరిగింజలకు క్రీ.పూ. 490 అన్న తేదీ విస్తృత ప్రచారం పొందింది. గింజ అల్పాయుష్కం గనుక నమూనాగా అది ఉత్తమమైనదే. కానీ 490 పీఠభూమి మీది అంకె. ఆ తేదీని దాని పూర్తి అవధితో చెప్పడమే న్యాయం. అశోకునికి పూర్వమే బ్రాహ్మీ ఉందా అన్న చర్చకు శ్రీలంకలోని అనురాధపురంలో క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందినవిగా నిర్ధారించిన అక్షరాంకిత మృణ్మయాలు కూడా ఆధారమయ్యాయి. ఒకే దిశను చూపే అనేక స్థలాల సాక్ష్యం ఒక అంకె కంటే బలమైనది.

లుంబినిలో తేలినదేమిటి

ఈ నేపథ్యంలో లుంబిని తవ్వకాలను గమనించాలి. 2011–13లో రాబిన్ కనింగ్‌హామ్, కోష్ ప్రసాద్ ఆచార్యల నాయకత్వంలో, యునెస్కో ఆధ్వర్యంలో, మాయాదేవి ఆలయం లోపల తవ్వకాలు జరిగాయి. అశోకుని కాలపు ఇటుక కట్టడానికి అడుగున అంతకంటే పాత ఇటుక కట్టడం, దానికీ అడుగున కొయ్యస్తంభాలు పాతిన గుంటలు బయటపడ్డాయి. మధ్యభాగానికి పైకప్పు లేదు. అక్కడి మట్టిలో చెట్టువేళ్ళ జాడలున్నాయి. వృక్షాన్ని చుట్టి కట్టిన చైత్యం ఇదని పరిశోధకులు భావించారు. గుంటలలోని బొగ్గుకు కర్బన పరీక్ష, మట్టికి కాంతి పరీక్ష చేసి, ఈ కొయ్య కట్టడం క్రీ.పూ. 6వ శతాబ్దికి చెందినదని 2013లో ప్రకటించారు. బుద్ధుని కాలం తేలిపోయిందని పత్రికలు రాశాయి.

నిజానికి అక్కడ మూడు మెట్లున్నాయి. ఈ బొగ్గు ఏ కాలపు చెట్టుదన్నది మొదటి మెట్టు; భౌతిక శాస్త్రం అక్కడివరకే చెబుతుంది, అదీ శతాబ్దాల అవధితో. మానులోని నడిచేవ కట్టడం కంటే ఎన్నో ఏళ్ళు పాతదై ఉండవచ్చు. ఆ కొయ్య కట్టడం పూజాస్థలమన్నది రెండో మెట్టు. అది పురావస్తు శాస్త్రజ్ఞుని వ్యాఖ్యానం. ఆ పూజ బుద్ధుని కోసమేనన్నది మూడో మెట్టు. బుద్ధునికి ముందునుంచీ ఈ దేశంలో వృక్షారాధన ఉన్నది గనుక, చైత్యవృక్షం ఉన్నంత మాత్రాన అది బౌద్ధమని చెప్పలేమని బౌద్ధ చరిత్ర పండితులు కొందరు వెంటనే ఆక్షేపించారు. ఆక్షేపణ సబబైనదే. అంతమాత్రాన లుంబిని తవ్వకం విలువ తగ్గదు. ఆ స్థలానికి అశోకునికి పూర్వమే పవిత్రత ఉందని, ఆ పవిత్రత ఒకే బిందువు చుట్టూ తరతరాలుగా కొనసాగిందని అది చూపింది. సంవత్సరం దొరకలేదు, పరంపర దొరికింది.

వృక్షవలయంలో ఒక్క సంవత్సరం

పీఠభూమిని దాటే దారి ఇటీవల రెండు వైపుల నుంచి కనిపిస్తోంది. మొదటిది జపాన్ నుంచి వచ్చింది. 2012లో ఫూసా మియాకే బృందం దేవదారు జాతి వృక్షవలయాలను ఏడాదికేడాదిగా కొలిచి, క్రీ.శ. 774–775 నడుమ కార్బన్-14 హఠాత్తుగా 1.2 శాతం పెరిగిందని కనుగొన్నది. అంతకుముందు సవరణ రేఖలో చాలా భాగాన్ని పదేసి వలయాలను కలిపి కొలిచి కట్టారు గనుక ఇటువంటి ఒక్క ఏటి ఉప్పెనలు కనిపించలేదు. సూర్యుని నుంచి వెలువడిన తీవ్రమైన కణప్రవాహమే దీనికి కారణమని నేడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ తరువాత క్రీ.శ. 993లోనూ, క్రీ.పూ. 660 ప్రాంతంలోనూ ఇటువంటివే బయటపడ్డాయి. వీటిని మియాకే సంఘటనలంటారు.

వీటి ప్రయోజనం 2021లో స్పష్టమైంది. కెనడా తీరంలోని లాన్స్ ఓ మెడోస్ వద్ద వైకింగ్ నావికులు ఇనుప పనిముట్లతో నరికిన కొయ్యలలో 993 నాటి పెరుగుదల గల వలయాన్ని గుర్తించి, అక్కడి నుంచి బెరడు వరకు వలయాలను లెక్కించారు. చెట్లు నరికినది క్రీ.శ. 1021లోనని ఒక్క సంవత్సరం ఖచ్చితత్వంతో తేలింది. బౌద్ధ చరిత్రకు ఇక్కడ ఆసక్తి కలిగించేది క్రీ.పూ. 660 ప్రాంతపు సంఘటన. అది హాల్‌స్టాట్ పీఠభూమి మీదనే ఉంది. చదునైన దారిలో నాటిన ఒకే ఒక ఎత్తైన రాయి అది.

అయితే అందుకు వలయాలు స్పష్టంగా ఉన్న పొడవైన కొయ్య కావాలి. వలయాల వరుస మొత్తాన్ని కొలిచి సవరణ రేఖలోని మెలికలతో సరిపోల్చే పద్ధతికీ అదే కావాలి. చెదలు, వానలు ఉన్న మన దేశంలో ప్రాచీన కొయ్య నిలవడం అరుదు. కార్లే చైత్యగృహపు కప్పుకింద నిలిచిన కొయ్య వాసాలు, పాటలీపుత్రంలో బురద కాపాడిన కొయ్య ప్రాకారం వంటివి వేళ్ళ మీద లెక్కించదగినవి. అటువంటి కొయ్య ముక్క ఒక్కటి దొరికినా అది శాసనంతో సమానమైన ఆధారం. దానిని కట్టడపు శిథిలంగా మాత్రమే చూసి పక్కన పడవేసే రోజులు పోవాలి.

ఇటుక చెప్పే సాక్ష్యం

రెండో దారి తెలుగు నేలకు మరింత దగ్గరైనది. మట్టిలోని స్ఫటిక రేణువులు పరిసరాల నుంచి వచ్చే స్వల్ప రేడియోధార్మిక శక్తిని ఏళ్ళ తరబడి నిల్వ చేసుకుంటాయి. బట్టీలో కాలినా, ఎండ తగిలినా ఆ నిల్వ ఖాళీ అవుతుంది. ఆపైన మళ్ళీ మొదటి నుంచి పోగవుతుంది. ప్రయోగశాలలో వేడితోనో కాంతితోనో ఆ శక్తిని వెలుగుగా విడుదల చేయించి కొలిస్తే, ఇటుక ఎప్పుడు కాలిందో, మట్టి ఎప్పుడు చీకటిలో పడిందో తెలుస్తుంది. కాంతితో ప్రేరేపించే పద్ధతిని 1985లో ప్రతిపాదించారు. దీనికి సవరణ రేఖ అక్కరలేదు గనుక హాల్‌స్టాట్ పీఠభూమి అడ్డురాదు. అనిశ్చితి సాధారణంగా వయస్సులో 5 నుంచి 10 శాతం ఉంటుంది. అంటే 2,000 ఏళ్ళ ఇటుకకు నూటి నుంచి రెండు వందల ఏళ్ళ వరకు అటూ ఇటూ. ఒక్క ఇటుకతో తీర్పు రాదు. ఒకే కట్టడంలోని అనేక ఇటుకలను కొలిస్తే అవధి సన్నబడుతుంది. ఇయాన్ బైలిఫ్ బృందం అనురాధపురం పరిసర గ్రామసీమలలోని ఇటుక స్తూపాలకు ఈ విధంగా కాలం కట్టి, ఫలితాలను 2013లో ప్రచురించింది.

ఆంధ్ర దేశం ఇటుక స్తూపాల దేశం. భట్టిప్రోలు, ఘంటసాల, గుంటుపల్లి, శాలిహుండం, బావికొండ, తొట్లకొండ, నేలకొండపల్లి – ఈ స్థలాల కాలనిర్ణయం ఇప్పటికీ ప్రధానంగా లిపి, నాణేలు, శిల్పశైలి మీదనే నడుస్తోంది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలులో వెలికితీసిన ధాతుకరండ లేఖనాలు క్రీ.పూ. 3వ శతాబ్ది చివరివా, 2వ శతాబ్దివా అన్న చర్చ ముగియలేదు. స్తూపగర్భంలోని ఇటుక ఆ చర్చలో లిపితో సంబంధం లేని స్వతంత్ర సాక్షి కాగలదు.

ఇక్కడొక సాంకేతిక నియమం ఉంది. ఇటుక గ్రహించిన శక్తిలో కొంత దాని చుట్టూ ఉన్న మట్టి, రాళ్ళ నుంచి వస్తుంది. ఆ పరిసరాన్ని కొలవకుండా లెక్క పూర్తికాదు. ఇటుకను దాని స్థానం నుంచి పెకలిస్తే సగం సాక్ష్యం పోతుంది. నాగార్జునకొండ లోయలో 1954–60 మధ్య తవ్వకాలు జరిగాయి. 1967 నాటికి లోయ జలాశయం అడుగున ఉంది. కాంతి పద్ధతి వచ్చేసరికి మరో 18 ఏళ్ళు గడిచాయి. కొండపైకి, అనుపుకు తరలించి పునర్నిర్మించిన కట్టడాల ఇటుకలు నేటికీ ఉన్నాయి, కానీ అవి శతాబ్దాలపాటు పడుకున్న మట్టి నీటికింద ఉంది. ఆనాటివారు తమకు తెలిసిన విద్యతో చేయగలిగినంతా చేశారు. వచ్చే తరానికి ఏ విద్య లభిస్తుందో ఏ తరానికీ ముందుగా తెలియదు. కాబట్టి ఏ తవ్వకంలోనైనా, ఏ మరమ్మతులోనైనా కొంత భాగాన్ని కదపకుండా వదలడం శాస్త్రధర్మం.

అంకెతో పాటు అనిశ్చితి

భౌతిక శాస్త్రజ్ఞుల సంఘం నుంచి చరిత్రకారులు నేర్చుకోవలసినది యంత్రవిద్య ఒక్కటే కాదు. కొలత చెప్పేటప్పుడు దాని అనిశ్చితిని కూడా చెప్పడం, ఒకే నమూనాను పలు ప్రయోగశాలలకు వయస్సు చెప్పకుండా పంపి ఫలితాలను సరిపోల్చడం, ఉమ్మడి ప్రమాణాన్ని ఏళ్ళ తరబడి సవరిస్తూ పోవడం వారి పద్ధతి. కార్బన్-14 అర్ధాయువు 5,568 కాదు 5,730 అని తేలిన తరువాత కూడా, పాత ఫలితాలతో పోలిక చెడకూడదని, ముడి వయస్సును పాత అంకెతోనే ప్రకటిస్తున్నారు. తేడాను సవరణ రేఖ సరిచేస్తుంది. తప్పును దాచకుండా, లెక్కల కొనసాగింపును తెంచకుండా నడిచే మార్గమిది.

ఈ దృష్టితో చూస్తే బుద్ధ శకానికీ ప్రయోగశాలకూ విరోధం లేదు. సంఘం పాటించే 543 ఆచారానికీ స్మరణకూ చెందిన లెక్క. ఏ బొగ్గుముక్కా దానిని రద్దు చేయజాలదు, రుజువు చేయనూ జాలదు. ప్రయోగశాల అవధిని ఆ లెక్కకు మద్దతుగా వాడుకోవాలన్న తొందర ఇద్దరికీ మేలు చేయదు. ధాతువుల విషయంలో మరింత మెలకువ అవసరం. మిల్లీగ్రాము చాలునన్నంత మాత్రాన పూజార్హమైన అస్థిశకలాన్ని పరీక్షకు ఇవ్వాలా అన్న నిర్ణయం ప్రయోగశాలది కాదు. అది సంఘంతో సంప్రదించి తీసుకోవలసినది. ధాతువును తాకకుండానే, దానిని మూసిన ఇటుకనో, కరండం పక్కన మట్టిలో చిక్కిన గింజనో పరీక్షిస్తే చాలాసార్లు అదే సమాచారం లభిస్తుంది.

చేయవలసిన పనులు పెద్దవి కావు. స్తూపాల మరమ్మతు చేపట్టినప్పుడు లోపలి వరుసల నుంచి కొన్ని ఇటుకలను వెలుతురు సోకకుండా, చుట్టుపక్కల మట్టితో సహా, నల్లని సంచులలో భద్రపరచాలి. బొగ్గు కంటే గింజలకూ సన్నని కొమ్మలకూ ప్రాధాన్యమివ్వాలి. ప్రతి తేదీని నమూనా సంఖ్యతో, ముడి వయస్సుతో, వాడిన సవరణ రేఖ పేరుతో, పూర్తి అవధితో ప్రచురించాలి. రేపు రేఖ మారితే లెక్కను మళ్ళీ కట్టుకోవడానికి అది వీలిస్తుంది. ప్రదర్శనశాల ఫలకాలపై ఒకే సంవత్సరానికి బదులు అవధిని రాయాలి. బుద్ధుని శతాబ్దాన్ని తేల్చే నమూనా తరాయిలోని మట్టిలోనో, మగధ బురదలోనో ఇంకా ఉండవచ్చు. అది బయటపడిన నాడు దానిని గుర్తించి, పాడుచేయకుండా ప్రయోగశాలకు చేర్చగల చేతులు సిద్ధంగా ఉండాలి.